మా అమ్మాయిలు అడగరులే

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు తెనాలి దగ్గర. పేరు రాయను. రాస్తే చుట్టాల్లో సగం మంది ఫోన్లు చేస్తారు, మిగతా సగం మంది చెయ్యడం మానేస్తారు. ఒంటిపూట బళ్ళు అయిపోయి సెలవులిచ్చారంటే మేమంతా అక్కడ వాలిపోయేవాళ్ళం. కాలువ కట్టేసేలోపు దొరికినన్ని రోజులు ఈతలు, కట్టేశాక అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు పట్టడం, మధ్యాహ్నం ముంజలు, రాత్రి వాకిట్లో నీళ్ళు చల్లి వరసగా నులకమంచాలు. తాతయ్య పక్క మంచం కోసం పిల్లలందరం కొట్టుకునేవాళ్ళం, ఎందుకంటే ట్రాన్సిస్టర్ ఆయన తలగడ దగ్గరుండేది. ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఈమధ్య ఎవరైనా ఆ ఇంటి గురించి తియ్యగా మాట్లాడుతుంటే నాకు దాని పక్కనే ఇంకోటి కూడా గుర్తొస్తోంది. అది రాద్దామనే కూర్చున్నాను.

ముందు పెరుగు సంగతి. పెద్ద కుండలో తోడు పెట్టేది అమ్మమ్మ. పైన వేలెడు మందాన మీగడ కట్టేది. మగవాళ్ళు ముందు తినేవాళ్ళు, వాళ్ళకి గరిటె పైపైన పడేది. మా తమ్ముడు అప్పటికి అయిదేళ్ళవాడు, వాడు కూడా "మగవాళ్ళే" కాబట్టి వాడికీ మీగడే. ఆ తర్వాత మేం, అంటే నేనూ మా పెదనాన్న కూతుళ్ళూ వస్తే వాళ్ళూ, మాకు మధ్య పెరుగు. అందరికంటే చివర అమ్మా, పిన్నీ, అత్తయ్యలూ, అమ్మమ్మా కూర్చునేసరికి కుండ వంచి నీళ్ళు కలుపుకోవడమే. ఇది ఎవరి మీదో కోపంతో చేసిన పని కాదు. అదే అమ్మమ్మ నాకు ఎవరూ చూడకుండా సున్నుండలు పరికిణీ కుచ్చిళ్ళలో వేసి "పో, దొడ్లో కూర్చుని తిను" అనేది. ప్రేమ బాగానే ఉండేది, వడ్డన మాత్రం ఆ వరసలోనే జరిగేది. అప్పుడు మాకు వింతగా కూడా అనిపించలేదు.

అమ్మ పెద్దది. తర్వాత ఇద్దరు మామయ్యలు, అందరికంటే చిన్నది పిన్ని. అమ్మ ఊళ్ళో బడి ఉన్నంతవరకు చదివింది, ఆ తర్వాత హైస్కూలు పక్క ఊళ్ళో కాబట్టి చదువు ఆగిపోయింది. మామయ్యలకి మాత్రం పక్క ఊరు దూరం కాలేదు, గుంటూరు కూడా దూరం కాలేదు. పెద్ద మామయ్య డిగ్రీ మూడో సంవత్సరం పోగొట్టుకుని వచ్చేసి వ్యవసాయంలో పడ్డాడు, చిన్న మామయ్య పూర్తిచేశాడు. పిన్ని రోజులకి బస్సు పడింది, ఆవిడ తెనాలి వెళ్ళి ఇంటర్ దాకా చదివింది. దాని కోసం ఎన్ని రోజులు అన్నం మానేసిందో అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది, ఏదో ముచ్చటలాగా.

పొలం తొమ్మిదెకరాలు. ముత్తాత నుంచి తాతయ్యకి వచ్చినది. ఆ పొలం గురించి ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది అమ్మమ్మకే అని నేనంటాను. ఏ మడిలో నీరు ముందు నిలుస్తుందో, ఏ గట్టు ఎండ్రకాయలు తొలిచేశాయో, వరి కోతకి ముందే చల్లే మినుముకి చేలో ఎంత తడి ఉండాలో, విత్తనం మినుములకి పురుగు పట్టకుండా బూడిద ఎంత కలపాలో. మధ్యాహ్నం నాట్ల ముఠాకి ఎసరు పెట్టేదీ ఆవిడే, సాయంత్రం కూలి డబ్బులు లెక్కకట్టి చెప్పేదీ ఆవిడే (ఇచ్చేది తాతయ్య). కాగితం మీద మాత్రం ఆవిడ పేరు ఎక్కడా లేదు. రేషను కార్డులో ఉండేది లెండి, తాతయ్య పేరు కింద.

అమ్మ పెళ్ళికి ఆ తొమ్మిదిలో ఒక ఎకరం పసుపు కుంకుమల కింద రాసిచ్చారు. మావైపు అది మామూలే. అమ్మ పేరునే రిజిస్టరు చేశారు కూడా. కొన్నేళ్ళకి నాన్న ఎరువుల కొట్టు పెడతానన్నాడు, ఎకరం అమ్మేశారు. అమ్మ వెళ్ళి సంతకం పెట్టి వచ్చింది. ఎంతకి అమ్మారో ఆవిడకి సాయంత్రం తెలిసిందట.

ఇక ఎన్టీ రామారావు గారి రోజులు. మా తాతయ్యకి ఆయనంటే పిచ్చి అభిమానం. 1983 జనవరిలో గెలిచినప్పుడు ఊళ్ళో సైకిళ్ళకి పసుపు రాసి ఊరేగించారు. కిలో రెండు రూపాయల బియ్యం అన్నా, కరణం మునసబు పదవులు తీసేశాడన్నా తాతయ్యకి అన్నీ సబబే. ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు, ఆడపిల్లలకి ఆస్తిలో హక్కు. 1986లో వచ్చింది ఆ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచే అమలు అన్నారు. అంతకుముందు 1956 హిందూ వారసత్వ చట్టం ఉంది కానీ, దాని ప్రకారం పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కొడుకులకే. కూతురికి తండ్రి చనిపోయాక తండ్రి వంతులోంచి వచ్చే ముక్కే. కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే భాగస్తురాలు అని చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఇది నిజంగా గొప్ప సంగతి, దేశం మొత్తానికి అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

అయితే దాంట్లో ఒక మెలిక ఉంది. చట్టం అమల్లోకి వచ్చేనాటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకి అది వర్తించదు. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన మా అమ్మకి లేదు, పిన్నికి ఉంది. అమ్మ పెళ్ళి డెబ్భైల్లోనే అయిపోయింది, పిన్నిది 1987లో.

ఊళ్ళో ఆ రోజుల్లో అరుగుల మీద ఇదే గోల. కొంపలు మునిగిపోతున్నట్టు మాట్లాడేవాళ్ళు. "రేపు అల్లుళ్ళొచ్చి గట్లు కొలుస్తారు" అని ఒకరు, "అన్నాచెల్లెళ్ళ మధ్య కోర్టులు పెట్టాడు" అని ఇంకొకరు. కొంతమంది గబగబా పారీఖత్తులు రాసేసుకున్నారు, కొడుకుల మధ్య ఎప్పుడో పంపకాలు అయిపోయాయన్నట్టు, ఎందుకంటే అప్పటికే పంచుకున్న ఆస్తిని చట్టం ముట్టుకోదు. వీలునామాలు రాసినవాళ్ళూ ఉన్నారు. పదవి పోయిన మా ఊరి కరణంగారు ఒకరోజు కాఫీకి వచ్చి తాతయ్యతో, పాత స్టాంపు కాగితాలు తన దగ్గర ఉన్నాయనీ వెనకటి తేదీతో రాసుకోవచ్చనీ చెప్పాడు. నేను పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. తాతయ్య గ్లాసు కింద పెట్టి, "దొంగ తేదీ నేను వెయ్యనండీ. అయినా అంత అవసరం ఏమొచ్చింది, మా అమ్మాయిలు అడగరులే" అన్నాడు.

ఎంత గర్వంగా అన్నాడో. వంటింట్లో ఉన్న పిన్నికీ వినిపించింది. ఆ మాటకి ఆవిడ కూడా పొంగిపోయిందనుకుంటాను, మొహం అలాగే ఉంది మరి.

పిన్నికి అరవై వేలు కట్నం, ఆడపడుచు లాంఛనాలు, బీరువా, మంచం. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమని 1961 నుంచీ చట్టం ఉంది, పెళ్ళిలో మైకు పెట్టి మరీ లాంఛనాలు చదివారు. మన చట్టాల బతుకు ఇలాగే ఉంటుంది.

తాతయ్య 1991 చివర్లో పోయాడు. పెద్దకర్మ అయ్యాక మూడు నాలుగు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. వేసవిలో పెద్ద మామయ్య మా ఇంటికొచ్చి, బ్యాంకులో పంట రుణానికి ఇబ్బందిగా ఉందక్కా, పొలం పాసుపుస్తకాలు మా పేర్న మార్చాలి, మీరిద్దరూ అమ్మా వచ్చి ఒక సంతకం పెట్టి వెళ్ళండి అన్నాడు. "ఒక సంతకం". అమ్మ వెంటనే సరేనంది. పిన్ని ఫోన్లో, అంటే పక్కింటివాళ్ళ ఫోన్లో, సరేనన్నది కానీ కొంచెం ఆగి అన్నదట.

సంతకాల రోజు నేనూ వెళ్ళాను, అమ్మకి తోడుగా. రిజిస్ట్రారాఫీసు బయట వేపచెట్టు కింద దస్తావేజులు రాసేవాళ్ళ బల్లలు, టైపు మిషన్ల చప్పుడు, ఇంకు ప్యాడు వాసన. మాకు రాసినాయన సన్నగా, నోట్లో వక్కపొడితో, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని ఉన్నాడు. దాన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. పిన్ని, "ఒకసారి చదవండి" అంది. పెద్ద మామయ్య ఆశ్చర్యంగా చూశాడు. దస్తావేజు రాసినాయన గుక్క తిప్పుకోకుండా చదివాడు, సదరు షెడ్యూలు ఆస్తియందు నాకు గల యావత్తు హక్కులను నా సోదరుల యెడల గల ప్రేమాభిమానములచేత, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా పూర్తి ఇష్టముతో... ఇలా. పిన్ని మధ్యలో ఆపి, "ఎన్నెకరాలు నాది?" అంది. ఆయన మామయ్య వైపు చూశాడు. మామయ్య, "ఉన్నదంతా షెడ్యూల్లో రాశారు కదా" అన్నాడు. అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని నొక్కింది. నాకు ఆ నొక్కడం బాగా గుర్తు, ఎందుకంటే చిన్నప్పుడు పేరంటాల్లో నేను ఎక్కువ మాట్లాడితే సరిగ్గా అలాగే నొక్కేది.

లోపల అధికారి తల ఎత్తకుండానే "ఇష్టపూర్వకంగానే పెడుతున్నారా" అని అడిగాడు. ముగ్గురూ తలూపారు. అమ్మా పిన్నీ సంతకాలు, అమ్మమ్మ వేలిముద్ర. అమ్మమ్మ బొటనవేలికి అంటిన ఇంకు చీర చెంగుతో ఎంత తుడిచినా పోలేదు. బయటికొచ్చాక హోటల్లో భోజనాలు, ఇంటికెళ్ళాక అత్తయ్యలు ఆడపడుచులిద్దరికీ బొట్టు పెట్టి, మంగళగిరి చీరలు, పసుపు కుంకుమ, గాజులు పెట్టారు. చీరలు మంచివే. అమ్మది ముదురాకుపచ్చ, ఎర్ర అంచు.

లెక్క నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. లా చదివిన స్నేహితురాలు ఒకావిడ ఓ కాగితం మీద వేసి చూపించింది. మిగిలిన ఎనిమిదెకరాలు, పుట్టుకతో హక్కున్నవాళ్ళు నలుగురు, తాతయ్య, ఇద్దరు మామయ్యలు, పిన్ని. తలా రెండెకరాలు. తాతయ్య పోయారు కాబట్టి ఆయన రెండెకరాలు భార్యకీ నలుగురు పిల్లలకీ సమానంగా, తలా నలభై సెంట్లు. అంటే మామయ్యలకి చెరో రెండెకరాల నలభై సెంట్లు, పిన్నికీ అక్షరాలా అంతే. అమ్మకి నలభై సెంట్లు, అమ్మమ్మకి నలభై. అక్కాచెల్లెళ్ళ మధ్య రెండెకరాల తేడా, పెళ్ళి ఏ ఏడాది జరిగిందన్న ఒక్క కారణానికి. అమ్మ అప్పటికే ఒక ఎకరం తీసుకుంది కదా అనొచ్చు, అందులో న్యాయం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. పిన్ని సంగతేమిటి? "కట్నం ఇచ్చాం కదా" అంటారు. అరవై వేలు వెళ్ళింది వాళ్ళ మామగారి చేతికి. దాంతో ఆయన తన కూతురి పెళ్ళి చేశాడు. పిన్ని ఆ నోట్లు కళ్ళతో కూడా చూడలేదు.

మరి ఎందుకు పెట్టారు సంతకాలు? అమ్మని ఒకసారి గట్టిగానే అడిగాను. "రేపు మీ నాన్న నన్ను పొమ్మంటే ఎక్కడికి పోతాను" అంది. నాన్న అలా అనే మనిషి కాదు, అదీ ఆవిడకి తెలుసు. అయినా ఆ భయం ఉంది. పుట్టింటి గుమ్మం తెరిచి ఉండాలి, సంక్రాంతికి పిలుపు రావాలి, కూతుళ్ళ పెళ్ళిళ్ళకి మేనమామ వచ్చి బుట్టలో మోయాలి, వీటన్నిటికీ ఆవిడ కట్టిన ధర నలభై సెంట్లు. పిన్ని కట్టింది దానికి ఆరు రెట్లు. మా లాయరమ్మ ఇంకో సంగతి చెప్పింది. 1956 చట్టంలోనే ఉండేదట, తండ్రి కట్టిన ఇంట్లో కూతురికి వాటా ఉన్నా కొడుకులు పంచుకుందామనుకునేదాకా తను పంచమని అడగకూడదు. పెళ్ళయి కాపురం చేసుకుంటున్న కూతురికైతే ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా లేదు, పెళ్ళికానిదో, విధవో, మొగుడు వదిలేసిందో, మొగుణ్ణి వదిలొచ్చిందో అయితేనే. 2005 దాకా అదే చట్టం. అంటే మా అమ్మ భయం ఊరికే పుట్టింది కాదన్నమాట.

గుమ్మం తెరిచే ఉందా అంటే, ఉంది, కొంత. బాబాయి పనిచేసే మిల్లు మూతపడ్డప్పుడు పిన్ని పిల్లల ఫీజులకి అన్నయ్యల దగ్గరికి వెళ్ళింది. ఇరవై వేలు ఇచ్చారు. ప్రోనోటు రాయించుకుని. చిన్న మామయ్య తన పదివేలకి వడ్డీ వద్దన్నాడు, అది చెప్పాలి, అసలు మాత్రం తీసుకున్నాడు. బియ్యం బస్తాలు రెండేళ్ళు పంపారు, తర్వాత ఆగిపోయాయి. 2014లో రాజధాని మనవైపే అనగానే మా పక్క పొలాలకీ రేట్లొచ్చాయి. పెద్ద మామయ్య ఒక ఎకరం అమ్మి హైదరాబాదులో కొడుక్కి ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి పిన్ని వెళ్ళింది, పాలు పొంగించే దగ్గర నిలబడింది, ఆడపడుచు హోదాలో. ఆవిడ మొహంలో ఏమైనా కనిపిస్తుందేమో అని చూశాను. ఏమీ కనిపించలేదు.

అమ్మమ్మకి వంతులు పెట్టారు. పదిహేను రోజులు పెద్దకొడుకు ఇంట్లో, పదిహేను రోజులు చిన్నకొడుకు ఇంట్లో. ముప్ఫై ఒకటో తారీఖు వచ్చిన నెలల్లో ఆ ఒక్క రోజు ఎవరిదన్న దాని మీద ఇద్దరు అత్తయ్యలకి మాట పట్టింపులొచ్చేవి. పొలం తన చేతి రేఖల్లా తెలిసిన మనిషి, బట్టల సంచీ పట్టుకుని వీధికి అటూ ఇటూ. తనకీ నలభై సెంట్లు ఉండేవని చెబితే, "నాకెందుకే పొలం, ఇద్దరు కొడుకులుండగా" అంది. వెటకారంగా అందో నిజంగానే అందో ఇప్పటికీ చెప్పలేను.

ఇదంతా పొలం ఉన్నవాళ్ళ గొడవ అని నాకు తెలుసు. మా పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్ళకి ఇదీ లేదు. రోజంతా నడుం వంచి బురదలో వెనక్కి నడుస్తూ నాటినవాళ్ళకి ఒక రేటు, గట్టు మీద నుంచి నారుకట్టలు అందించే మగాళ్ళకి ఇంకో రేటు, ఎక్కువది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, మా గట్టు దాకా మాత్రం రాలేదు. ముఠాలో ఒకావిడతో, చాలా ఏళ్ళ తర్వాతే, ఈ సంతకాల కథ చెబితే పడీపడీ నవ్వింది. "మీకైతే పెట్టమని అడుగుతారు పాపగారూ, మమ్మల్ని అడగడానికేముంది" అంది. ఆమె తల్లి కూడా మా పొలంలోనే నాటింది.

2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమాన హక్కు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, తండ్రి ఆ తేదీ నాటికి బతికి ఉన్నాడా లేదా అన్నది కూడా లెక్కలోకి రాదని తేల్చేసింది. పేపర్లో చదివి పిన్నికి ఫోన్ చేశాను. "మనవి ఎప్పుడో రిజిస్టరయిపోయాయి కదే" అంది, పొయ్యి మీద ఏదో ఉంది అని పెట్టేసింది. నిజమే, ఆ 2005 చట్టం ప్రకారమే 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయినవి కదలవు. 2015-16 వ్యవసాయ గణనలో దేశంలో సాగు కమతాలు ఆడవాళ్ళ పేరున ఉన్నవి నూటికి పద్నాలుగు. పొలాల్లో వంగి ఉండేవాళ్ళని లెక్కపెడితే ఎంతవుతుందో మీరే చూసుకోండి, ఏ నాట్ల సీజన్లోనైనా బస్సు కిటికీలోంచి కనిపిస్తుంది.

నాన్న పోయాక మా ఇంట్లోనూ ఆ రోజు వచ్చింది. ఇల్లు, కొట్టు, ఊరి బయట ఒక స్థలం. అన్నీ ఆయన స్వార్జితం, వీలునామా లేదు, కాబట్టి అమ్మకీ నాకూ తమ్ముడికీ సమానం. తమ్ముడు మంచివాడే, వాడికి ఆ ఆలోచనే రాలేదంతే, కాగితాలన్నీ వాడి పేర్న తయారుచేయించి పెన్ను కూడా తెచ్చాడు. నేను, నా వాటా నాకు కావాలిరా అన్నాను. గదిలో అందరికంటే ఎక్కువ కంగారు పడింది అమ్మ. వంటింట్లోకి లాక్కెళ్ళి, "నీకేం తక్కువైందే, నలుగురూ వింటే ఏమనుకుంటారు" అని ఏడ్చింది. నాకేమీ తక్కువ కాలేదు, ఉద్యోగం ఉంది, ఇల్లుంది. తమ్ముడికి కూడా ఏమీ తక్కువ లేదు, వాణ్ణి మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అదే అన్నాను. ఓ ఏడాది మాటలు సరిగ్గా లేవు. రాఖీకి వెళ్తే మరదలు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. చివరికి స్థలంలో సగం నా పేర్న రాశాడు, లెక్క ప్రకారం రావాల్సినదానికంటే కొంచెం తక్కువే, నేను సరేనన్నాను. అమ్మ వాటా అమ్మ పేరునే ఉంచాలని పట్టుబట్టాను. ఆ కాగితాన్ని ఆవిడ బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది. తియ్యదు, చూడదు, తాళంచెవి మాత్రం ఎవరికీ ఇవ్వదు.

మొన్న మాఘమాసంలో మరదలు ఫోన్ చేసింది. తనంతట తను చెయ్యడం చాలా అరుదు. పిల్లల చదువులు, ఎండలు, అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "వదినా, మా నాన్నగారి పొలం మా అన్నయ్యలు పంచుకుంటున్నారట, నాకేమీ చెప్పలేదు. మీరప్పుడు ఏయే కాగితాలు తీయించారు?" అంది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఈసీ, అదే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించు, పొలం రికార్డులు అడంగలూ వన్-బీ తీసుకో, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టు, ముందు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు అని చెప్పాను. ఒక్క నిమిషం వదినా, రాసుకుంటాను అంది.